నాలుగు నెలల తరువాత వచ్చిన వాపు



ఈ నెల ఈ పేజీలో వేసవి జ్వరముల గురించి వ్రాయాలని కాగితము ముందు పెట్టుకున్నాము. గాని మా సంఘములో జరిగిన ఒక సంగతి మమ్మును విడువలేదు. ఆ కుటుంబము ఒప్పుకున్న తరువాతే వ్రాస్తున్నాము. పేరు చెప్పము, వీధి చెప్పము. నల్లజర్ల చుట్టుపట్ల ఉన్నవారు ఎవరా అని ఆరా తీయవద్దని ముందుగానే మనవి.

ఆ అమ్మాయి హైదరాబాదులో ఒక కంప్యూటరు కంపెనీలో ఉద్యోగము చేస్తుంది. తండ్రి పామాయిలు తోటలలో గెలలు కోయించే మేస్త్రి. తల్లి మా స్త్రీల సమాజములో ఉన్నది. గత ఆగస్టులో పిల్లకు ప్రధానము జరిగింది. జనవరి చివర పెండ్లి అనుకున్నారు. డిసెంబరులో క్రిస్మసుకు ఇంటికి వచ్చింది. వచ్చిన నాటికే దవడ పన్ను పోటు, చిగురు వాపు. తాడేపల్లిగూడెము తీసుకువెళ్ళి పన్ను తీయించారు. పోటు తగ్గింది, పండుగ బాగానే గడిచింది. పది రోజులకు, కొత్త సంవత్సరపు ఆరాధన దగ్గర పడినప్పుడు, కుడి కంటి కింద ఉసిరికాయంత గడ్డ లేచింది. ఎర్రగా, గట్టిగా, ముట్టుకుంటే వేడిగా ఉన్నది. రెండు రోజులకు ఎడమ చెంప కూడా ఉబ్బింది.

ఇక ఊరిలో ఎవరికి తోచిన కారణము వారు చెప్పారు. పండుగకు ఏలూరు నుండి కొరమేను తెప్పించారు గనుక కొల్లేటి చేప పడలేదన్నారు కొందరు. పన్ను తీసిన డాక్టరును తిట్టినవారు ఉన్నారు. పెండ్లి కుదిరిన పిల్లకు దిష్టి తగిలిందని ఒక పెద్దామె అన్నది. ఆమె కూడా మా సంఘములోని మనిషే, ఏమి చెప్పమంటారు! ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు మూడు రోజులు సూదులు చేశాడు. వాపు దిగింది, మరల లేచింది. మేము వెళ్ళి నూనె రాసి ప్రార్థన చేసి వచ్చాము. ప్రార్థన చేసినందుకు మాకు విచారము లేదు. ఒక్క ప్రశ్న అయినా అడుగకుండా లేచి వచ్చినందుకు విచారము.

మరునాడు మా సతీమణి జావ కాచి తీసుకుని వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేరు. ఆ పిల్ల తలుపు వేసి ఏడ్చి, అప్పుడు చెప్పింది. పెండ్లిచూపులనాడు పెండ్లివారి వైపు బంధువు ఒకామె, అందరూ వింటుండగా, “పిల్ల లక్షణంగానే ఉంది గాని కళ్ళ కింద గుంటలు, చెంపలు పీక్కుపోయినై” అన్నదట. ఆ మాట పట్టుకుని, ప్రధానము కాగానే హైదరాబాదులో ఒక చర్మ వైద్యశాలకు వెళ్ళి, కంటి కింద, చెంపలలో ఫిల్లరు సూదులు వేయించుకున్నది. ఒక నెల జీతము దానికే పోయింది. తల్లికి చెప్పలేదు. పన్ను డాక్టరుకు చెప్పలేదు. సూదులు చేసిన ఆర్.ఎం.పి. గారికి అసలే చెప్పలేదు.

“అయ్యగారితో నయినా ఒక్క మాట అనవలసింది గదమ్మా” అన్నది మా సతీమణి.

“అయ్యగారితో ఎలా అంటానమ్మగారూ? ఆర్తి అగర్వాల్ గురించి ఆయన ప్రసంగములో చెప్పిన రోజు నేను ముందు చాప మీదే కూర్చున్నాను.”

ఈ మాట ఇంటికి వచ్చి మాకు చెప్పినప్పుడు మేము అన్నము తింటున్నాము. చేయి ఆగిపోయింది. 2015 జూన్ 6న నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో న్యూజెర్సీలో చనిపోయారు. 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’ సినిమాతో మన తెలుగువారికి పరిచయమైన ఆమె, 31 సంవత్సరములకే పోయారు. అంతకు కొన్ని వారముల ముందు శరీరములోని కొవ్వు తీసే శస్త్రచికిత్స చేయించుకున్నారని పత్రికలలో వచ్చింది. ఆ తరువాతి ఆదివారము మేము మొదటి పేతురు పత్రిక మూడవ అధ్యాయము మీద మాట్లాడుతూ, ఆ చనిపోయిన అమ్మాయిని ఒక ఉదాహరణగా వాడుకున్నాము. దేవుడిచ్చిన రూపము చాలదన్నవారికి ఇదే గతి అన్నట్టు మాట్లాడాము. కొందరు తలలు ఊపారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. ఒక తల్లి కన్న బిడ్డ పోతే, ఆమె గురించి ఏమీ తెలియని మేము బల్ల కొట్టి మాట్లాడాము. ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్ల ముందు చాప మీద కూర్చుని అది విన్నది, మనసులో పెట్టుకున్నది. పదేళ్ళ తరువాత చెంప ఉబ్బి మంచము మీద పడుకుని కూడా మాకు చెప్పలేకపోయింది.

ఇప్పుడు అసలు ఈ ఫిల్లరు అంటే ఏమిటో చెప్పవలె. మేమూ ఈ మూడు నెలలలోనే నేర్చుకున్నాము.

ఫిల్లరు అంటే చర్మము కింద గుంటలు పూడ్చటానికి సూదితో ఎక్కించే జెల్లు. వాటిలో ఎక్కువగా వాడేది హయలురోనిక్ ఆమ్లము. ఆమ్లము అనగానే భయపడవద్దు. అది మన చర్మములో, కీళ్ళలో, కంటిగుడ్డులో దేవుడు పెట్టిన జిగురు పదార్థమే. 1934లో న్యూయార్కులో కార్ల్ మేయర్, జాన్ పామర్ అను ఇద్దరు పరిశోధకులు పశువు కంటిలో నుండి దానిని మొదట వేరు చేశారు. తరువాత చాలా కాలము దానిని కోడిపుంజు నెత్తిన ఉండే ఎర్రని జుట్టు నుండి తీసేవారు. సంక్రాంతికి పుంజుల మీద లక్షలు పోసే మన గోదావరి జిల్లాలవారికి ఈ సంగతి తెలిస్తే పుంజు ధర ఇంకా పెంచుతారేమో! ఇప్పుడు మాత్రము ఎక్కువగా ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచి తయారు చేస్తున్నారు.

సహజమైన ఆ జిగురును మన దేహము ఒకటి రెండు రోజులలోనే కరిగించుకుంటుంది. అందుకని కంపెనీలు దాని పోగులను రసాయనముతో ఒకదానికొకటి ముడివేసి, ఆరు నెలలో, సంవత్సరమో, అంతకన్నా ఎక్కువో నిలిచేటట్టు చేస్తాయి. చిక్కు వచ్చినప్పుడు ఎక్కువ కాలము ఉండేది కూడా అందుకే. సూది వేసిన రెండు మూడు రోజులు కాస్త వాపు, కమిలిన మచ్చ ఉండుట మామూలే, అది పోతుంది. ఆలస్యముగా వచ్చే వాపు వేరు. వారములకు, నెలలకు, కొన్ని రకములతో అయితే సంవత్సరములకు, అంతా మరచిపోయిన తరువాత, వేసిన చోటనే గడ్డకట్టి ఎర్రబడి ఉబ్బుతుంది. ఎందుకు అన్నదానికి వైద్యులు రెండు కారణములు చెబుతున్నారు. దేహములోని రక్షణ బలము ఆ జెల్లును పరాయి పదార్థముగా గుర్తించి తిరగబడుట ఒకటి. సూది వేసినప్పుడు లోపలికి పోయిన క్రిములు, చెరువు మెట్ల మీద పాచి పట్టినట్టు జెల్లును అంటుకుని నిద్రపోతూ ఉండి, తరువాత లేచుట రెండవది. ఏది ఎంత అన్న వాదము వారిలో ఇంకా నడుస్తున్నది.

కెనడా దేశములో వాంకూవరు వైద్యులు 2015లో ప్రచురించిన లెక్క ఒకటి ఉన్నది. ఒక రకము హయలురోనిక్ ఫిల్లరు వేయించుకున్న 2,342 మందిలో 23 మందికి ఇట్టి గడ్డలు ఆలస్యముగా వచ్చాయి. అంటే నూటికి ఒకరు. సూది వేసిన నాటి నుండి గడ్డ లేచుటకు పట్టిన కాలము మధ్యస్థముగా నాలుగు నెలలు. వారిలో 9 మందికి అంతకు ముందు ఫ్లూ లాంటి జబ్బు వంటి ఏదో ఒక కదలిక కనిపించింది. పన్ను చీము, పన్ను వైద్యము కూడా ఇట్టి కదలికలలో ఒకటిగా వైద్యులు చెబుతారు. మా అమ్మాయికి ఆగస్టులో సూది, డిసెంబరులో పన్ను, పది రోజులకు గడ్డ. కొల్లేటి చేప ఏమి పాపము చేసింది చెప్పండి!

ఇక్కడ ఒక మాట. 2020 డిసెంబరులో అమెరికాలో మోడర్నా కంపెనీ వారి కోవిడు టీకాను పరిశీలిస్తున్నప్పుడు, దాదాపు 30,000 మంది పాల్గొన్న ఆ పరీక్షలో ఫిల్లరు వేయించుకున్న ముగ్గురికి ముఖమో పెదవులో ఉబ్బాయని తెలిసింది. ముగ్గురికీ తగ్గిపోయింది. ఇది చదివి టీకాలు మానుకోవద్దు. ఫిల్లరు ఉన్నదని టీకా వేసేవారికి చెప్పండి, అంతే.

ఇంతకీ ఏమి జరిగిందంటే, మా సతీమణి ఆ తల్లిని ఒప్పించి, మేము ఆటో మాట్లాడి, ముగ్గురినీ ఏలూరులో ఒక చర్మ వైద్యుని దగ్గరకు పంపించాము. ఆయన ముఖము చూచి, మొదట అడిగినవి మూడు. ఏమి వేశారు? ఎప్పుడు వేశారు? ఎక్కడెక్కడ వేశారు? ఆ మందు పెట్టె మీద ఒక చీటీ ఉంటుందట, దాని మీద పేరు, తయారీ సంఖ్య ఉంటాయి. వైద్యశాలవారు ఆ చీటీ అంటించిన కార్డు ఆ పిల్లకు ఇచ్చారు కూడా. అమ్మ చూస్తుందేమోనని చించి పారవేసింది! చివరకు హైదరాబాదుకు ఫోను చేస్తే వారు తమ పుస్తకములోని ఆ కాగితము ఫొటో తీసి పంపారు. హయలురోనిక్ రకమే అని తేలింది. డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

ఎందుకంటే ఆ రకానికి విరుగుడు ఉన్నది. హయలురోనిడేస్ అను ఒక మందును సూదితో ఆ చోట వేస్తే జెల్లు కరిగిపోతుంది. సిలికోను వంటి శాశ్వత పదార్థములకు అట్టి విరుగుడు లేదు. ఒక్కొక్కసారి కోసి తీయవలసి వస్తుంది. ద్రవ సిలికోనును శరీర ఆకృతి కోసము ఎక్కించుకోవద్దని అమెరికా ఔషధ శాఖ 2017లో జనులను హెచ్చరించింది కూడా. మా అమ్మాయికి స్కానింగు తీసి, ముందు క్రిములను చంపే మాత్రలు ఇచ్చి, వేడి తగ్గిన తరువాత విరుగుడు సూది వేశారు. ఆరేడు వారములకు చెంపలు చదునయ్యాయి. కుడి కంటి కింద చిన్న మచ్చ మిగిలింది, అది కూడా పోతుందంటున్నారు. ఊరిలో మొదట వేసిన సూదులతో వాపు ఎందుకు దిగి మరల లేచిందని మేము అడిగితే, పైపై వేడిని అణచే మందు అయ్యి ఉంటుంది, లోపలి జెల్లు అలాగే ఉన్నది గదా అన్నారు. ఆర్.ఎం.పి. గారిని తప్పు పట్టలేము. ఆయనకు చెబితే గదా!

ముఖములో ఏదో ఎక్కించుట ఈనాటి పిచ్చి అనుకుంటే పొరపాటు. 1899లో వియన్నా నగరములో రాబర్ట్ గెర్సూనీ అను డాక్టరు పారాఫిన్ అను పదార్థమును సూదితో ఎక్కించుట మొదలుపెట్టాడు. మనము క్రిస్మసుకు వెలిగించే కొవ్వొత్తి మైనము ఆ జాతిదే. ముక్కు అణగినవారికి ముక్కు లేపారు, ముడతలు పూడ్చారు. మొదట అంతా బాగున్నది. కొన్నేళ్ళకు ఆ మైనము గడ్డలు కట్టింది, పుండ్లు పడింది, పెట్టిన చోట నుండి జారిపోయింది. గ్లాడిస్ డీకన్ అను ఒక అమెరికా అందగత్తె, తరువాత ఇంగ్లండులో మార్ల్‌బరో డ్యూకుకు భార్య అయినది, ఇరవై రెండేళ్ళ వయసులో ముక్కు తీరు కోసము అది ఎక్కించుకున్నది. మైనము జారి గడ్డము వైపుకు దిగి ముఖము వికారమైంది. ఆమె 1977 వరకు, తొంబది ఆరేళ్ళు బ్రదికింది. అన్నేళ్ళు ఆ ముఖముతోనే. పన్నెండేళ్ళ కిందట అయితే ఈ కథ కూడా ప్రసంగములో కర్రలాగా వాడేవాళ్ళమే. ఇప్పుడు చదివితే ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను ఎవరు ఏమన్నారో, ఏ మాట ఆమెకు గుచ్చుకున్నదో అనిపిస్తున్నది.

ఫిల్లరు వేయించుకొనువారు అందరూ డంబము కోసమే వేయించుకుంటారనుట కూడా సరికాదు. మా సేవ మొదటి సంవత్సరములలో, 2005 తరువాత, మేము హెచ్.ఐ.వి. ఉన్న కొన్ని కుటుంబములను దర్శించేవారము. 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వము ఉచితముగా ఏ.ఆర్.టి. మందులు ఇచ్చుట మొదలుపెట్టింది. ఎందరో బ్రదికారు, దేవునికి స్తోత్రము. గాని అప్పటి మందులలో స్టావుడిన్ అనేది ఒకటి, కొంత కాలము వాడేసరికి చెంపలలో కొవ్వు కరిగించివేసేది. మనిషి కూలికి వెళ్ళేంత బలముగా ఉన్నా, చెంపలు చూచి ఊరివారు జబ్బు పేరు చెప్పేసేవారు. ఒక సహోదరి రెండు చెంపల మీదుగా కొంగు లాక్కుని వెనుక వరుసలో కూర్చునేది, బల్లారాధననాడు ముందుకు వచ్చేది కాదు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును మెల్లగా మానిపించమని చెప్పింది. అమెరికాలో 2004 ఆగస్టులో స్కల్ప్‌ట్రా అను ఫిల్లరుకు అనుమతి ఇచ్చినది సరిగా ఇట్టి చెంపల కోసమే. దానితో కూడా కొందరికి నెలల తరువాత చర్మము కింద చిన్న గడ్డలు వచ్చుట కద్దు. అయినా మా వెనుక వరుస సహోదరికి అది దొరికి ఉంటే మేము వద్దని చెప్పి ఉండేవాళ్ళమా? చెప్పము. ఎస్తేరు గ్రంథములో పన్నెండు నెలల అలంకారము చదివి మనమెవరమూ ఎస్తేరును తప్పు పట్టలేదు గదా.

కాబట్టి చేయించుకోవాలా వద్దా అని మమ్మును అడుగవద్దు. అడిగితే, అవసరము లేదనే అంటాము, పెండ్లిచూపులలో నోరు జారేవారి నోటికి ముందు ఫిల్లరు వేయించమంటాము. కాని చేయించుకొనువారు తప్పక కొన్ని చూచుకోవలె. పైన రాసుకునే పౌడరు, స్నో వేరు, సూదితో లోపలికి పోయేది వేరు. అది వైద్యము. చర్మ వైద్యుడో ప్లాస్టిక్ సర్జనో చేయవలసినది, పార్లరు గదిలో, హోటలు గదిలో, తక్కువకు వస్తుందని ఎవరిచేతనో చేయించుకొనునది కాదు. సూది పొరపాటున రక్తనాళములోకి పోతే చూపు పోయిన సంఘటనలు లోకములో ఉన్నాయి. అది ఆలస్యముగా వచ్చేది కాదు, అప్పటికప్పుడే వచ్చేది. తీవ్రమైన నొప్పి, చర్మము తెల్లబడుట, చూపు మసకబారుట, వీటిలో ఏది కనిపించినా గంట కూడా ఆగకూడదు. పన్ను పోటో, చీమో, జ్వరమో ఉన్నప్పుడు వేయించుకోకూడదు. తరువాత ఎప్పుడైనా వేసిన చోట గడ్డ లేస్తే పిసకవద్దు, ఆకు పసరు పెట్టవద్దు, వేసిన డాక్టరుకే మొదట కబురు చేయండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా, పన్ను డాక్టరు అయినా సరే, చెప్పండి.

పెండ్లి సంగతి అడుగుతారని తెలుసు. జనవరి ముహూర్తము తప్పింది. శ్రమదినములలో మేము వివాహములు చేయము గనుక ఈస్టరు తరువాతికి వెళ్ళింది. వాయిదాకు ఏమి కారణము చెప్పాలని తల్లిదండ్రులు రెండు రోజులు మథనపడ్డారు. పచ్చకామెర్లు అని చెబుదాము అయ్యగారూ అన్నాడు తండ్రి. మేము వద్దన్నాము. ఆ అమ్మాయి తానే పెండ్లికుమారునికి ఫోను చేసి చెప్పింది. అతడు అంతగా పట్టించుకోలేదు గాని, అతని తండ్రి మాత్రము “ఇంకా ఏమేమి దాచారు?” అని అడిగాడు. ఆ మాట చాలా బాధ పెట్టింది. మేము తాడేపల్లిగూడెము అవతల వారి ఊరు వెళ్ళి కూర్చున్నాము. ఆయన అరగంట మాట్లాడాడు, మేము విన్నాము. చివరకు ఇంటావిడ లోపల నుండి వచ్చి, “ఆ రోజు మన మనిషి అన్న మాటకే గదండీ ఆ పిల్ల ఇంత చేసుకున్నది” అన్నది. ఆయన మారు మాట్లాడలేదు. కాఫీ వచ్చింది. పెండ్లి ఏప్రిల్‌లో జరిగింది. మేమే చేయించాము.

పెండ్లికి ముందు ఒక ఆదివారము, అమ్మాయి ప్రస్తావన లేకుండా, 2015లో మేము చేసిన ఆ ప్రసంగము తప్పని సంఘము ముందు చెప్పాము. చాలామందికి ఆ ప్రసంగమే గుర్తు లేదు. తరువాతి బుధవారము స్త్రీల సమాజములో మా సతీమణి ఈ ఫిల్లరు సంగతులు చెప్పించింది. మేము బయట అరుగు మీద కూర్చున్నాము, లోపల మాకు పని లేదు. కూటము అయిపోయి అందరూ వెళ్ళిన తరువాత ఒక సహోదరి బోరింగు దగ్గర నిలబడి ఉన్నది. కువైటులో కొన్నేళ్ళు ఉండి వచ్చిన మనిషి, మొదట ఇళ్ళలో, తరువాత ఒక బ్యూటీ పార్లరులో పని చేసింది.

“అయ్యగారూ, అక్కడ పార్లరులో నాకూ పెదవులకు వేశారు, నేర్చుకోటానికి నా మీదే వేసి చూశారు. ఏమి మందో నాకు తెలియదు.”

ఏ సంవత్సరమో గుర్తుందా అమ్మా అని అడిగాము. గుర్తున్నదట, పెద్ద పిల్లవాడు పదవ తరగతి పరీక్షలు వ్రాసిన సంవత్సరము. మా సతీమణి లోపల నుండి కాగితము, పెన్ను తెచ్చి ఇచ్చింది. ఆమె అరుగు మీద కూర్చుని సంవత్సరము, ఊరు, పార్లరు ఉన్న వీధి పేరు వ్రాసుకున్నది. ఎన్ని సూదులో మాత్రము వేళ్ళు మడిచి రెండుసార్లు లెక్క పెట్టుకున్నది.